మాత్రల చీటీ ఇద్దరూ తెలుసుకోండి

కైవార, చింతామణి, బాగేపల్లి పల్లెల్లో భర్తకో భార్యకో మానసిక వ్యాధికి మందులు నడుస్తున్న ఇళ్లవారికి ఈ విజ్ఞప్తి. బెంగళూరు నిమ్హాన్స్‌లోనో తాలూకా ఆస్పత్రిలోనో రాసిచ్చే చీటీ ఇంగ్లీషు, అక్కడి మాటలు ఎక్కువగా కన్నడం, ఇంట్లో మనది తెలుగు. పొద్దున ఒకటి, రాత్రి రెండు అన్న లెక్క ఇల్లు చేరుతుంది గానీ మందు సంగతి చేరదు. ఆ లెక్కొక్కటే చాలదు. లిథియమే చూడండి. బైపోలార్ జబ్బుకు ఎంతో మేలుచేసే మందు. అయితే గుణమిచ్చే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ ఎడం తక్కువ, అందుకే రక్తపరీక్షలు చేయిస్తుంటారు. ఎండాకాలం టమాటా తోటలో పొద్దంతా చెమటోడ్చి నీళ్లు సరిగా తాగకపోయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా రక్తంలో లిథియం పెరగొచ్చు. ఒళ్లునొప్పులని షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొని మింగినా అంతే. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం ముందుగా కనబడేది పక్కనున్న మనిషికే. తాగొచ్చాడనుకుని పడుకోబెడితే ప్రాణం మీదికొస్తుంది. సంగతి తెలిసిన భార్య ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్తుంది.

ఈ మందులు పట్టుకుంటే వదలవు, నెమ్మదించింది కదా ఆపేద్దాం అనేవాళ్లున్నారు. ఆ భయం ఉత్తది కాదు. కొన్ని నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు వారాలూ నెలలూ వాడితే నిజంగానే అలవాటవుతాయి. కుంగుబాటుకిచ్చే మందులు ఆ కోవవి కావు. వాటి గుణం కనబడడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఉన్నట్టుండి మానేస్తే తలతిరుగుడు, వికారం, చిరాకు రావచ్చు. అన్నిటినీ ఒకే గాటన కట్టి సొంతంగా ఆపడం ప్రమాదం. బైపోలార్‌కిచ్చే మరో మందు వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీ బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి, అది గర్భంలోని శిశువుకు హాని చేయగలదు.

ఒకరి మందుల్లో మరొకరు తలదూర్చడం పెత్తనం కాదా అంటే, అవును, అడగకుండా దూరితే పెత్తనమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కునిచ్చింది. వారి ఇష్టంతోనే డాక్టరు దగ్గరికి తోడెళ్లండి. అన్నంలో మాత్ర కలిపి పెట్టకండి. గొడవైన ప్రతిసారీ మాత్ర వేసుకున్నావా అని ఎత్తిపొడవకండి, కోపం మనిషికి జబ్బు లేకున్నా వస్తుంది. వెళ్లేటప్పుడు షాపులో కొన్న నొప్పి మాత్రల అట్టలూ సంచిలో వేసుకోండి. ఏది దేనికి, ఎన్నాళ్లు, ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలని అడగండి. అంతలో సందేహమొస్తే టెలిమానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.