బ్రాకెట్లో ఉన్నదంతా చెత్త కాదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

మేం నారాయణగూడలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. సాయంత్రాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతం. మా సీనియర్లు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నరు. వాళ్ల పాలిటీ నోట్స్ టైప్ చేసి, పైథాన్‌తో శుభ్రం చేసి, ఫోన్లో ఆడుకునేటట్టు క్విజ్ చేద్దామనుకున్నం. బ్రాకెట్లు అడ్డమొస్తున్నయని అన్నీ తీసేసినం. తెల్లారి ఒక అన్న చూసి, "ఏందిరా ఇది, 15(4) యాడికి పోయింది?" అన్నడు.

చూస్తే 15(4) కాస్తా 15 అయింది, 16(4) కాస్తా 16 అయింది. ఆర్టికల్ 15 వివక్ష వద్దంటది. మనలాంటోళ్ల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని చెప్పేది 15(4), 1951లో మొదటి సవరణతో వచ్చింది. మన కాలేజీ సీటు ఆ బ్రాకెట్లోనే ఉంది. దాన్ని మేమే చెత్త అనుకొని ఊడ్చేసినం.

అసలు తప్పు యాడ జరిగిందో చెప్తం. మేం మొదట రాసిన ప్యాటర్న్ \(.*\). ఇది వరుసలో మొదటి '(' నుంచి చివరి ')' దాకా మొత్తం మింగుతది. తెలంగాణ ఎస్టీ జాబితా ఒకే వరుసలో ఉందనుకోండి. అందులో గౌడు పక్కన "(ఏజెన్సీ ప్రాంతాల్లో)" అని ఉంటది. చివర్లో తోటి పక్కన జిల్లాల పేర్లు బ్రాకెట్లో ఉంటయి. ఆ రెండింటి నడుమ కోలాం, కొండరెడ్డి, కోయ, ప్రధాన్, లంబాడ అందరూ ఉన్నరు. ఒక్క లైను కోడుతో అందరం మాయం. ఎర్రర్ కూడా రాదు.

సరే అని \(.*?\) పెట్టినం. ఇది మొదటి ')' దగ్గరే ఆగిపోతది. "ఇల్లందు (భద్రాద్రి కొత్తగూడెం (పాత ఖమ్మం) జిల్లా)" అని ఇస్తే "ఇల్లందు జిల్లా)" మిగిలింది. ఇల్లందును జిల్లా చేసేసినం!

బ్రాకెట్లో బ్రాకెట్ ఉంటే రెండు దారులున్నయి. ఒకటి, \([^()]*\) అనే ప్యాటర్న్. ఇది లోపల ఇంకో బ్రాకెట్ లేనిదాన్నే పట్టుకుంటది. లోపలిది ముందు తీసి, మళ్లీ నడిపి, ఏమీ మారనంత వరకు లూప్ చేయాలె. రెండోది లెక్క. '(' వస్తే ఒకటి కలుపు, ')' వస్తే ఒకటి తీసెయ్, లెక్క సున్నా ఉన్నప్పుడు వచ్చిన అక్షరాలనే ఉంచుకో. ఆఖర్లో లెక్క సున్నా కంటే ఎక్కువ ఉంటే ఎక్కడో బ్రాకెట్ మూయలేదని అర్థం. అది చూసుకోకపోతే తర్వాతదంతా పోతది. ఈ రెండో దారి మాకు నచ్చింది, ఎందుకంటే వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు, బట్టీ పట్టే పని లేదు.

కానీ మా అభిప్రాయం ఇక్కడితో అయిపోలేదు. ఎట్ల తీయాలె అన్నది ఎవరైనా నేర్పుతరు. తీయొచ్చా లేదా అన్నది డేటా తెలిసినోళ్లే చెప్పాలె. మన జాబితాలో "నాయక్స్ (ఏజెన్సీ ప్రాంతాల్లో)" అని ఒక తెగ ఉంది. మన తండాల్లో పేరు చివర నాయక్ అని పెట్టుకునేటోళ్లు మస్తుమంది. బ్రాకెట్ తీస్తే ఈ ఇద్దరికీ తేడా ఎట్ల తెలుస్తది? కోడ్ రాసేటోనికి అది రెండు గుర్తుల నడుమ మాట. మనకు అది సర్టిఫికెట్.

1976 సవరణ చట్టంతో ఇట్లాంటి ప్రాంత పరిమితులు చాలావరకు పోయినయి. అది పార్లమెంటు చేసిన పని. ఆర్టికల్ 342(2) ఆ అధికారం పార్లమెంటుకే ఇచ్చింది, మన స్క్రిప్టుకు కాదు. (మా క్విజ్‌లో అది కూడా 342 అయి కూర్చుంది.)

అందుకే మేం ఇప్పుడు మూడు పనులు చేస్తున్నం. అసలు ఫైలు ముట్టుకోం. బ్రాకెట్లో ఉన్నదాన్ని పారేయకుండా పక్క కాలమ్‌లో పెడతం. తీసిన వరుసలన్నీ ఒకసారి కళ్లతో చదువుతం.

మన ఇళ్లల్లో మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నది మనమే. కోడ్ కాపీ కొట్టి పని అయిపోయిందనుకుంటే, రేపు మన ఊరి జాబితా వేరేవాళ్లు శుభ్రం చేసినప్పుడు ఏం పోయిందో అడిగేటోళ్లు ఉండరు. నేర్చుకోండి, లెక్కపెట్టండి, తీసే ముందు చదవండి. మీ దగ్గర ఇట్లాంటి అనుభవం ఉంటే కింద రాయండి.