వాకిట నిలిచిన వర్తకుడు

సేద్యపు పత్రికలో సినిమా ప్రసంగమేలయని చదువరులు శంకింపవచ్చును. 1973వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన “పేపర్ మూన్” అను హాస్యచిత్రము పల్లెవాకిళ్లలో జరుగు మోసమును గూర్చినది. అందుచే దానిని గూర్చి మా యభిప్రాయము వ్రాయుచున్నాము. దీనికి దర్శకుడు పీటర్ బొగ్డనోవిచ్. 1971లో వెలువడిన జో డేవిడ్ బ్రౌన్ నవల మూలము.

కథాకాలము 1930 తరువాతి ఆర్థికమాంద్యపు దినములు. స్థలము గోధుమ పండు కాన్సస్ రాష్ట్రము. మోజెస్ ప్రే అను సంచారవర్తకుడు బైబిలు గ్రంథములను కారులో వేసికొని ఊరూర తిరుగును. అతడు వార్తాపత్రికలలో వెదకునది మరణవార్తలు. ఏ యింటి యజమాని గతించెనో తెలిసికొని, ఆ వితంతువు పేరు గ్రంథముపై బంగారు రంగు అక్షరములతో అచ్చొత్తి, ఆమె వాకిట నిలిచి, భర్తగారు ఉన్నారా యని ఏమియు నెరుగనివానివలె అడుగును. ఆయన పోయినాడని ఆమె చెప్పగానే, మీకు కానుకగా నీయదలచి వారే బయానా కట్టి దీనిని చేయించిరనియు, శేషము చెల్లవలసి యున్నదనియు విచారముతో పలుకును. ఆమె లోపలికి పోయి డబ్బు తెచ్చి యిచ్చును.

ఇతనికి తోడైనది తల్లి చనిపోయిన ఆడీ అను బాలిక. ఆమె పేర 200 డాలర్లు రాబట్టి అతడు తన కారునకు ఖర్చు చేసికొనగా, నా డబ్బు నాకిమ్మని ఆమె పట్టుబట్టును. పిమ్మట శిష్యురాలై గురువును మించును. కలవారి యింట ధర పెంచును. బిడ్డలు నిండిన పేదయింట మాత్రము సొమ్ము ముందే చెల్లినదని చెప్పి గ్రంథమును ఊరక యిప్పించును. ఈ పాత్ర ధరించిన టాటమ్ ఓనీల్ పదియేండ్ల ప్రాయముననే 1974లో ఆస్కారు బహుమానము నందెను. మోజెస్ వేషము వేసిన రయన్ ఓనీల్ ఆమె కన్నతండ్రి.

ఈ జంట దొంగసారా వర్తకుని సరకును దొంగిలించి మరల వానికే అమ్ము ఘట్టమున మేమును నవ్వితిమి. కళ్లములో చౌకగా కొన్న ధాన్యమునే విత్తనకాలమున రైతునకు ప్రియముగా అమ్మువారిని చూచిన కన్నులకు అది క్రొత్త కాదు.

అయితే వితంతువుల ఘట్టములయందు మా నవ్వు సగములో ఆగినది. ఆ స్త్రీ మూఢురాలు కాదు, ఆశపోతు అంతకన్న కాదు. మగడు ఒప్పుకొన్న బాకీ తీర్చవలెనను నీతియే ఆమెచే డబ్బు ఇప్పించినది. మోసపోయినవాడు తెలివితక్కువవాడని లోకము తేలికగా అనును. ఈ చిత్రమును శ్రద్ధతో చూచినవారు ఆ మాట అనజాలరు. మోసగాడు మన దుర్గుణమును మాత్రమే కాదు, మన మంచితనమును గూడ పెట్టుబడిగా వాడుకొనును.

మరియొక తంత్రము చూడుడు. మోజెస్ ఒక దుకాణమున ఇరువది డాలర్ల నోటు మార్చును. దానిపై పుట్టినరోజు దీవెన వ్రాసియుండును. పిదప ఆడీ వచ్చి చిన్న నోటిచ్చి సరకు కొని, నేనిచ్చినది ఇరువది, దానిపై దీవెన కలదు, చూచుకొనుడని యేడ్చును. డబ్బుపెట్టె తెరువగా నోటు కనబడును! నోటు నిజము, వ్రాత నిజము, మాట మాత్రము అబద్ధము. కావున విత్తనపు సంచిపై చీటీ యున్నదని తృప్తిపడువారికి మా మనవి యేమనగా, ఆ చీటీతోపాటు లాటు నంబరు వ్రాసిన రశీదును అమ్మినవానినుండి తీసికొనవలెను. రశీదు లేదనువాని విత్తనము, ధర యెంత తక్కువైనను, మనకు వలదు.

మోజెస్ గ్రంథము నిజమైనదే. కట్టుకథ మాత్రము అబద్ధము. విడి విత్తనములు, అనుమతి లేని గడ్డిమందు ప్రత్తి గింజలు తెచ్చువాని యొద్ద సరకే నమ్మరానిది. మొలక రాకున్న వారము పదిదినములలో తెలియును. కాయ పట్టదని తెలియుటకు నెలలు కావలెను. అప్పటికి ఆ బండి యే జిల్లాలో నుండునో! రైతు సిగ్గుచే నోరు విప్పడు. ప్రక్క యూరిలో అదే మనుష్యుడు అదే మాట చెప్పి అమ్ముకొనును.

సంఘ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టవలెనని మా సూచన. ఊరిలోనికి వచ్చి విత్తనములు గాని పురుగుమందులు గాని అమ్మినవాడు చెప్పిన పేరు, బండి నంబరు, సరకు, తేదీ అందు వ్రాయింపవలెను. ఖాళీ సంచి, గుప్పెడు గింజలు దాచియుంచి చూపినచో మరియు మేలు. కొన్నవాని పేరు అందు వ్రాయనక్కరలేదు.