నూనెకూ పుట్టిల్లు ఉంటది

పెట్రోలు డైనోసార్ల నుంచి వచ్చిందని మనలో చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నాం. కాదు. ఎక్కువగా కంటికి కనిపించని నాచు, బ్యాక్టీరియా, కొన్నిచోట్ల చెట్ల ఆకుల నుంచి వచ్చింది. సాక్ష్యం నూనెలోనే ఉంది.

మా వేల్పూర్‌లో పసుపు కొమ్ముల్ని ఉడకబెడతారు, ఎండబెడతారు, పొడి కొడతారు. అయినా పసుపేనని చూడంగనే తెలుస్తది. నూనెలోని కొన్ని అణువులూ అంతే. కోట్ల ఏళ్లు భూమిలో ఉడికినా వాటి అస్థిపంజరం మిగులుతుంది. 1930లలో జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ ముడిచమురులో పత్రహరితం ఆనవాళ్లు పట్టుకున్నాడు. ఇలాంటివే రసాయన శిలాజాలు. హోపేన్లు బ్యాక్టీరియా గుర్తు, ఓలియనేన్ పూలమొక్కల గుర్తు. బావిలోని నూనెనూ, రాతి నుంచి తీసిన సారాన్నీ పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏ నూనె ఏ రాతిలో పుట్టిందో తేల్చవచ్చు. కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే గోదావరి సముద్రంలో కలిసేచోట, కృష్ణా-గోదావరి బేసిన్‌లో, రాఘవాపురం షేల్‌కు అలాంటి పుట్టిల్లుగా పేరుంది.

ఈ లెక్క తప్పితే కోట్లు పోసి తవ్విన బావి ఒట్టిపోవచ్చు. మనమేమో ఫస్టియర్ కెమిస్ట్రీని 'పాసైతే చాలు' అని వదిలేస్తున్నాం. కోడింగ్ వద్దని అనట్లేదు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఇచ్చే గీతల్లో ఒక చెట్టునో నాచునో గుర్తుపట్టడం కూడా డేటాను చదవడమే. సొంత నేలలో చమురున్న మనకు సిలబస్‌లో దీనికి ఒక్క గంటైనా కేటాయించాలి. అడుగుదాం.