థ్యాంక్స్ ఎవరికి చెప్పాలి?



2020 మార్చిలో కరోనా వచ్చి హాస్టళ్ళు మూతపడ్డాక, మన పాత విద్యార్థులం కొందరం ఆదివారం రాత్రి ఎనిమిదింటికి గూగుల్ మీట్‌లో కలవడం మొదలుపెట్టాం. నియమం ఒక్కటే. మనకు మేలు చేసిన ఎవరో ఒకరి మీద నాలుగు లైన్ల కవిత రాసుకొచ్చి చదవాలి. స్టేజీ ఎక్కమంటే పారిపోయేవాళ్ళు కూడా వీడియో ఆపేసుకొని ధైర్యంగా చదివారు. సిగ్నల్ అందనివాళ్ళు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేవారు.

మొదట అందరం అమ్మ మీదే రాశాం. (అమ్మ మీద రాస్తే బాగాలేదని ఎవరంటారు!) నాలుగో వారానికి అమ్మలు అయిపోయారు. అసలు కవిత్వం అప్పుడు మొదలైంది. ఒకతను మన వంటక్క మీద రాశాడు. జ్వరంతో మూలుగుతుంటే అర్ధరాత్రి జావ కాచి తాగించిందట. తీరా చూస్తే ఆమె అసలు పేరు మాలో ఒక్కరికీ తెలియదు. ఏడేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నాం! పేరు కనుక్కోవడానికి ఆ రాత్రి ఐదుగురికి ఫోన్లు చేశాం.

ఇంకోవారం ఒక తమ్ముడు, హాస్టల్ సీటిచ్చినందుకు ప్రభుత్వానికి దండాలు పెడుతూ రాశాడు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం నచ్చలేదు, అదే చెప్పాను. సీటు ఎవరి దయా కాదు. ఎస్సీ, ఎస్టీ, బలహీనవర్గాల చదువును ప్రత్యేక శ్రద్ధతో చూడమని రాజ్యాంగం 46వ అధికరణంలో ప్రభుత్వానికి చెప్పింది. "పెడుతున్నారు కదా, నోర్మూసుకొని తిను" అనే మాట మనందరం విన్నదే. హక్కుకు దండం పెట్టడం అలవాటైతే, అన్నంలో పురుగులొచ్చిన రోజు అడగడానికి నోరు రాదు.

"మరి కృతజ్ఞత ఎవరికి చెప్పాలన్నా?" అన్నాడు తమ్ముడు. జాషువా గారి 'గబ్బిలం' గుర్తుచేశాను. 1941 నాటి కావ్యం అది. అందులో ఆ పేదవాడు కాశీలోని శివుడికి పంపింది దండం కాదు, తన గోడు. ఆ గోడు మోసుకెళ్ళే గబ్బిలంతో మాత్రం ఎంత ఆప్యాయంగా మాట్లాడతాడు! మనకు గబ్బిలాలు చాలామందే ఉన్నారు. వంటక్క, రాత్రిళ్ళు లెక్కలు చెప్పిన సీనియర్, పరీక్ష ఫీజుకు మేకనమ్మిన తాత.

తమ్ముడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు గానీ, తర్వాతి వారం తాత మీద రాశాడు.

ఇప్పుడు నెలకోసారే కలుస్తున్నాం. మొన్న ఒకతను వంటక్క ఇంటికే వెళ్ళి, ఆమె చేతికి ఫోనిచ్చి ఆ జావ కవిత వినిపించాడు. ఆమె అంతా విని, "ఆ రోజు ఉప్పు ఎక్కువైందిరా, అది రాయలేదేం?" అంది.