తులానికి అటూ ఇటూ... ఫ్లై లైన్ లెక్క

హొళగుంద నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: “అన్నా, 9 అడుగుల 6 నంబరు ఫాస్ట్ యాక్షన్ ఫ్లై రాడ్ తీసుకున్యా. దానికి 6 నంబరు ఫ్లోటింగ్ లైనే ఎక్కించినా. విసిరితే ముందుకు పోకుండా సేమ్యా మాదిరి కాళ్ల ముందరే కుప్ప పడతాంది. 7 నంబరు లైను కొనమంటాండారు. మళ్లీ అన్ని వేలు పెట్టాల్నా?”

వద్దు. ఇప్పుడే వద్దు. ముందు ఆ లైన్నే చుట్టి సంచిలో వేసుకుని ఆదోని బస్సెక్కండి. బంగారు అంగడికి పోవాలి. జోక్ కాదు, కింద చదవండి.

ముందు ఫ్లై రాడ్ అంటే తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. మామూలు గాలం వడిసెల లాంటిది. చివర సీసం గుండో, బరువైన ఎరో ఉంటుంది, దాన్ని విసిరితే దారం దాని వెంట పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కథ తిరగబడుతుంది. కొక్కేనికి నాలుగు ఈకలు, కాస్త దారం చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగుకి బరువే ఉండదు. ఉఫ్ అంటే ఎగిరిపోతుంది. అందుకని బరువంతా లైన్లోనే పెడతారు. ఇది చెర్నాకోల పద్ధతి. కర్ర ఊపితే తోలు వారు బారుగా సాగి, చివర ముడి చటుక్కున దెబ్బేస్తుంది కదా, అలాగన్నమాట. బిగుసైన కర్రకి పల్చటి వారు కట్టి ఊపి చూడండి. చప్పుడు రాదు, చెయ్యి మాత్రం నొప్పెడుతుంది. మన తమ్ముడి తిప్పలన్నీ దాదాపు ఇవే.

‘ఫాస్ట్ యాక్షన్’ అనగానే వేగంగా విసిరే రాడ్ అనుకుంటారు చాలామంది. ఆ మాట రాడ్ ఎక్కడ వంగుతుందో చెబుతుంది. స్లో రాడ్ పిడి దాకా వంగుతుంది. ఫాస్ట్ రాడ్ పైన మూడో వంతు దగ్గరే వంగి, వెంటనే నిటారైపోతుంది. ఎంత బిగుసో చెప్పే మాట ఇది కాదు గానీ, మార్కెట్లో ఫాస్ట్ అని అమ్మేవి ఎక్కువగా బిగుసువే. కర్రల సంగతి దేవరగట్టు ఉన్న మండలం వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేముంది! బిగుసు కర్ర వంగాలంటే దాని చివర ఏదో ఒకటి గట్టిగా లాగాలి. ఇక్కడ లాగేది గాల్లో ఉన్న లైను బరువే. అది చాలకపోతే రాడ్ వంగదు. వంగకపోతే చేతిలో ఉన్నది ఖరీదైన చీపురుపుల్ల.

ఇక నంబర్ల సంగతి. 1961 దాకా ఫ్లై లైన్లకి అక్షరాలుండేవి. ఆ అక్షరాలు లైను లావుని చెప్పేవి. పట్టు లైన్ల కాలంలో ఆ లెక్క నడిచింది. నైలాను, ప్లాస్టిక్ పూతలు వచ్చాక లావు ఒకటే అయినా బరువు వేరైపోయింది. దాంతో అమెరికా తయారీదారుల సంఘం 1961లో లావుని పక్కనపెట్టి బరువుకి నంబర్లిచ్చింది. లైను మొదటి 30 అడుగులు ఎంత తూగితే అదే నంబరు. కొలత గ్రెయిన్లలో. 5 నంబరుకి 140, 6కి 160, 7కి 185, 8కి 210. కొంచెం అటూ ఇటూ తేడాకి ఒప్పుకున్నారు. 6 నంబరు 152 నుంచి 168 దాకా ఉండొచ్చు.

గ్రెయిన్ అంటే గింజ. మన గురివింద గింజ తూకానికి వేలువిడిచిన చుట్టం. ఇంకా దగ్గరి చుట్టరికం కూడా ఉంది. బ్రిటిష్ కాలంలో ఖాయం చేసిన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. (ఇప్పుడు అంగట్లో తులమంటే 10 గ్రాములని చాలామంది లెక్కేస్తున్నారు, అది వేరే గొడవ.) అంటే 6 నంబరు లైను తులానికి 20 గింజలు తక్కువ, 7 నంబరు తులానికి 5 గింజలు ఎక్కువ. వేలు పెట్టి కొనాలా వద్దా అన్న మన తమ్ముడి ప్రశ్న మొత్తం ఈ 25 గింజల మీదే ఉంది. గ్రాముల్లో ఒకటిన్నర చిల్లర.

మరి బంగారు అంగడికి ఎందుకు? డబ్బా మీద నంబరు ఈ లెక్క ప్రకారమే ఉంటుందన్న నమ్మకం ఇప్పుడు లేదు. రాడ్ల కంపెనీలు కార్బన్ ఫైబర్ వచ్చాక పోటీపడి బిగుసు పెంచుకుంటూ పోయాయి. అంగట్లో కుర్రాడు రాడ్ ఊపి చూసి ‘అబ్బ, ఏం పవరు!’ అనాలి కదా. 6 అని రాసిన రాడ్‌లో నిజానికి ఆరున్నర పవరు ఉంటుంది. దానికి సరిపడా లైన్ల కంపెనీలు కూడా 6 అని రాసిన డబ్బాలో ఆరున్నర, ఏడు పెట్టడం మొదలుపెట్టాయి. ఇందులో దాపరికం లేదు, వాళ్లే చెప్పుకుంటారు. రియో కంపెనీ ‘గోల్డ్’ లెక్క ప్రకారమే ఉంటుంది, అదే కంపెనీ ‘గ్రాండ్’ ఒక నంబరు బరువు. సైంటిఫిక్ యాంగ్లర్స్ వాళ్ల ‘ఎంపీఎక్స్’ అర నంబరు బరువు. ఇవన్నీ డబ్బా వెనక చిన్నక్షరాల్లో ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఎవరు చదువుతారు?

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ‘ఫాస్ట్ రాడ్‌కి ఒక నంబరు పైన లైను వెయ్యి’ అన్నది పాత సలహా. లైన్లన్నీ లెక్క ప్రకారం ఉన్న రోజుల్లో అది మంచి సలహానే. ఇప్పుడు దాన్ని గుడ్డిగా పాటించి, ముందే ఒక నంబరు బరువున్న లైన్లో మళ్లీ పై నంబరు కొన్నారనుకోండి. 6 రాడ్ మీద 8 నంబరు బరువు పడుతుంది. రాడ్ మెత్తబడి, లైను నీళ్ల మీద దబ్బుమని పడుతుంది. చుట్టుపక్కల చేప ఒక్కటి ఉండదు.

తూచే పద్ధతి సులువే. లైను కొసన లావు మారకుండా సన్నగా ఉండే చిన్న ముక్క ఉంటుంది, దాన్ని వదిలేయండి. అక్కడినుంచి 30 అడుగులు, అంటే 9 మీటర్ల 14 సెంటీమీటర్లు కొలిచి రంగు దారంతో ముడి వేయండి. ఆ ముడి దాకా చిన్న చుట్టగా చుట్టి, బంగారం తూచే డిజిటల్ కాటా మీద పెట్టమనండి. మిగతా లైను కాటాని లాగకుండా పక్కనే వదులుగా పట్టుకోవాలి. 10.4 గ్రాముల దగ్గర ఆగితే నిజమైన 6. 12 గ్రాములంటే డబ్బా మీద ఏం రాసున్నా అది 7. 9 గ్రాములు చూపిస్తే మీకు 6 పేరుతో 5 అంటగట్టారు. పేరూ ఊరూ లేని చౌక లైన్లకైతే ఈ పరీక్ష తప్పనిసరి. అంగడాయన మీ వంక వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

రాడ్ సంగతి కూడా ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. అమెరికాలో హానెమన్ అనే ఆయన ‘కామన్ సెంట్స్’ అని ఒక పద్ధతి పెట్టాడు. రాడ్‌ని అడ్డంగా బిగించి, కొసకి చిన్న సంచి కట్టి, కొస రాడ్ పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా అందులో చిల్లర వేస్తూ పోవడమే. మనం రూపాయి బిళ్లలు వేద్దాం, అన్నీ ఒకే రకం ఉండాలి. 9 అడుగుల రాడ్‌కి 3 అడుగులు దిగాలి. మీ 6 రాడ్‌కీ, స్నేహితుడి 6 రాడ్‌కీ వేసి చూడండి. ఎక్కువ రూపాయలు మింగిందే ఎక్కువ బరువు లైను అడిగే రాడ్.

ఇంతా తూచాక లైను నిజమైన 6 అనే తేలిందనుకుందాం. అయినా సేమ్యా కుప్పే. అప్పుడు అడగాల్సింది, మీరు ఎంత దూరం విసురుతున్నారు? నా లెక్కలో ఈ వ్యవహారంలో సగం జవాబు ఇదే. నంబరు చెప్పేది 30 అడుగుల బరువు. మీరు కాలువ పిల్లకాలువలో జిలేబి చేప కోసం రాడ్ బయట 20 అడుగుల లైనే వదిలితే, కొసన సన్నగా ఉంటుంది కాబట్టి ఆ బరువులో మూడింట రెండొంతులు కూడా రాడ్ మీద పడదు. అంత తక్కువ బరువుకి ఫాస్ట్ రాడ్ లేవనైనా లేవదు. అదే లైన్ని చెరువు గట్టున 40 అడుగులు వదలండి, రాడ్‌కి ప్రాణం వస్తుంది. కాబట్టి రోజూ విసిరేది పాతిక అడుగుల లోపే అయితే అర నంబరో, ఒక నంబరో బరువు లైను న్యాయం. కొరమీను కోసం చెరువులో తూటికాడల అంచు దాకా దూరం కొట్టాలంటే లెక్క ప్రకారం ఉన్న 6 చాలు. బరువైనది వేస్తే ఆ దూరంలో రాడ్ అలిసిపోతుంది.

హొళగుందకి ప్రత్యేకంగా ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి, కాలువ గట్టు వెనక సర్కారు తుమ్మ. వెనక్కి లైను ఊపితే ఫ్లై ముళ్లలోనే ఉండిపోతుంది. అలాంటి చోట వెనక్కి విసరకుండా నీళ్ల మీదే లైన్ని చక్రంలా దొర్లించే రోల్ కాస్ట్ వేయాలి. దానికి ముందు భాగం బరువుగా ఉన్న లైనే నయం. రెండోది ఎండ. ఫ్లోటింగ్ లైను తేలేది దాని ప్లాస్టిక్ పూతలో ఉన్న కంటికి కనపడని గాజు బుడగల వల్ల. ట్రౌట్ చేపల చల్లటి దేశాలకి చేసిన పూత మన ఏప్రిల్ ఎండకి మెత్తబడి జిగురుపట్టి, రాడ్ రింగుల్లో ఈడుస్తుంది. అప్పుడు తప్పు నంబరుది కాదు. డబ్బా మీద ‘ట్రాపికల్’ లేదా ‘వార్మ్ వాటర్’ అని ఉన్నది చూసుకోండి. పూత గట్టిగా, లోపలి తాడు బిగుసుగా ఉంటుంది. డిసెంబరు పొద్దున మాత్రం అదే లైను స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. విసిరే ముందు తుమ్మ మొద్దుకి తగిలించి నెమ్మదిగా సాగదీస్తే సరిపోతుంది.

‘ఇదంతా తెల్లోళ్ల ఆట, మన చెరువుల్లో నడుస్తుందా’ అనేవాళ్లకి ఒక సంగతి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. 1887లో మన చెరువుల్లో గాలం వేట మీదే విడిగా ఇంకో పుస్తకం వేశాడు. అప్పట్లో పట్టు లైను తేలడానికి కొవ్వు పూసేవాళ్లు, వేట అయ్యాక విప్పి ఆరబెట్టేవాళ్లు. మనకి ఆ చాకిరీ తప్పింది.

సరే, తమ్ముడికి నా సలహా. తూచినప్పుడు 10 గ్రాముల లోపు వస్తే లైను మార్చు. నిజమైన 6 వస్తే నెల రోజులు 35, 40 అడుగులు వదిలి విసరడం ప్రాక్టీస్ చెయ్యి, డబ్బు జేబులో ఉంచుకో. అప్పటికీ నీ వేటంతా పిల్లకాలువ మీదేనని తేలితే అర నంబరు బరువున్న డబ్ల్యూఎఫ్6ఎఫ్ తీసుకో. డబ్ల్యూఎఫ్ అంటే బరువంతా ముందుకు ఉన్నది, 6 నంబరు, చివరి ఎఫ్ తేలేది అని. ఆషాఢం గాలికి ఎదురుగా కూడా అదే నెగ్గుకొస్తుంది. చేతిలో డబ్బు తక్కువైతే డీటీ రకం చూడు. దూరం కొట్టదు గానీ రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. ఒక కొస అరిగాక తిప్పి ఎక్కించుకోవచ్చు. ఒక లైను ధరకి రెండు.

కొన్నాక దోమల మందు పూసుకున్న చేత్తో లైను ముట్టొద్దు, పూత పాడవుతుంది. పెట్రోలు అంటినా అంతే. బురద నీళ్లలో వేసిన రోజు గోరువెచ్చటి నీళ్లు, కాస్త ఒంటి సబ్బుతో తుడిచి పెట్టుకో. ఎల్లెల్సీ మెయిన్ కాలువ సిమెంటు వాలు మీద మాత్రం నిలబడొద్దు. పాచికి కాలు జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు. చెరువైతే వేట హక్కు మత్స్యకారుల సొసైటీకి లీజులో ఉండొచ్చు, వాళ్లనొక మాట అడిగి గట్టెక్కు.