ముక్కు క్లిప్పు మూసేది ముక్కును మాత్రమే

ఊపిరి బిగబట్టి నీటి లోతుకు మునిగే ఫ్రీడైవింగ్ క్రీడలో నాకు తప్పేమీ కనిపించదు. నేను తప్పు పట్టేది, రెండు వేళ్ళంత ఉండే ముక్కు క్లిప్పును ప్రాణరక్షణ కవచములా అమ్మే ధోరణిని. అది పెట్టుకుంటే ఊపిరి ఎక్కువసేపు నిలుస్తుందని, నీటిలో భయము ఉండదని నమ్మి, ఏ రకము కొనాలని అడిగేవారు ఉన్నారు. ఏది కొనాలో చెబుతాను. కాని అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ముందు మీరు తెలుసుకోవాలి.

ఈ పరికరము కొత్తది కాదు. పర్షియా సింధుశాఖలో ముత్యాల కోసము మునిగే అరబ్బులు దీనిని శతాబ్దాలుగా వాడారు. వారు దానిని ‘ఫితామ్’ అనేవారు. తాబేటి చిప్పతో చేసి ముక్కుకు తగిలించుకొనే ఇటువంటి సాధనమును గూర్చి 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా వ్రాశాడు. వారికి అది నీటిని ఆపి, చేతులను ఖాళీగా ఉంచే పనిముట్టు. అంతకు మించి దాని నుంచి వారేమీ ఆశించలేదు.

ఇప్పటికీ దాని ప్రయోజనము అదే. 10 మీటర్ల లోతులో మనపై ఒత్తిడి నీటి ఉపరితలము మీది కంటె రెట్టింపు అవుతుంది. ఊపిరితిత్తులలోని గాలి సగము పరిమాణమునకు తగ్గిపోతుంది. మధ్యచెవిలోని గాలి కూడా కుంచించుకొని కర్ణభేరి లోపలికి లాగబడుతుంది. ముక్కు మూసి, నాలుకతోను గొంతు కండరములతోను గాలిని యూస్టేషియన్ నాళముల గుండా మధ్యచెవులలోకి నెడితే ఆ లాగుడు తీరుతుంది. ఈ పనిని మొదటి ఒకటి రెండు మీటర్ల నుంచే, నొప్పి పుట్టక ముందే చేయాలి. వేళ్ళతో ముక్కు మూసే శ్రమను క్లిప్పు తప్పిస్తుంది. ముక్కును కప్పే ముసుగు అక్కరలేదు గనుక అందులో నింపవలసిన గాలి మిగులుతుంది. ముఖమునకు చన్నీరు తగిలినపుడు గుండె నెమ్మదించే సహజ ప్రతిచర్య కూడా బాగా కలుగుతుంది. ఈ మేలు నిజమే.

అమ్మకందారులు చెప్పని ప్రమాదము కూడా ఇక్కడే ఉంది. క్లిప్పును ఈత కళ్ళద్దాలతో జతగా కొంటారు. ముసుగులోనైతే ముక్కు ద్వారా గాలి వదలి ఒత్తిడిని సరిచేయవచ్చు. ఈత కళ్ళద్దాలలో ముక్కు ఉండదు. లోపలికి గాలి పంపే దారి లేదు. లోతుకు దిగేకొద్దీ అవి కళ్ళను పీలుస్తాయి. రెప్పలు వాచి, తెల్లగుడ్డుపై రక్తము చిమ్ముతుంది. కొలనులో అడ్డముగా ఈదేవారికి అవి చాలు. లోతుకు దిగేవారు నీరు నింపి వాడే ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టుకోవాలి, లేదా కళ్ళద్దాలు లేకుండా మునగాలి. అది కుదరనివారికి మామూలు ముసుగే మంచిది. వారికి క్లిప్పుతో పనే లేదు.

ఇక ఎన్నిక. పిల్లల ఈతకు అమ్మే సన్నని తీగ క్లిప్పు కొలనులో నీరు ముక్కులోకి పోకుండా ఆపుతుంది. కాని లోపలి నుంచి గాలి నెట్టగానే అది కారుతుంది, లేదా జారి ఊడిపోతుంది. లోతుకు దిగేవారికి గట్టి చట్రము, మరతో బిగువు మార్చుకొనే వీలు కావాలి. ఎంత ఖరీదైనదైనా మీ ముక్కుకు అమరకపోతే వ్యర్థము. ఒడ్డున కూర్చొని పరీక్షించండి. ముక్కుపై చెమట, నూనె తుడిచివేసి, ఎముక మీద కాక నాసికాపుటముల మెత్తని భాగము మీద పెట్టి, మెల్లగా గాలి నెట్టండి. రెండు చెవులు తెరుచుకోవాలి. గాలి బయటకు రాకూడదు. బలముగా ఊదకండి. అతిబలము వలన లోపలిచెవి పొర చిరిగి వినికిడి శాశ్వతముగా పోగలదు. పది నిమిషముల తరువాత తీసి చూడండి; చర్మము పాలిపోయి, నొప్పి నిలిచి ఉంటే బిగువు ఎక్కువైనట్లే. సహజ రబ్బరు పడనివారు సిలికోన్ మెత్తలున్నది తీసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యముగా, ఒంటి చేత్తో, చూడకుండా, క్షణములో ఊడదీయగలగాలి. కారణము చివర చెబుతాను.

జలుబుగా ఉన్నపుడు ఏ క్లిప్పూ ఆదుకోదు. ముక్కు దిబ్బడ తగ్గే చుక్కలు వేసుకొని మునిగేవారున్నారు. నీటి అడుగున ఉండగా మందు ప్రభావము తగ్గితే, పైకి వచ్చేటపుడు వ్యాకోచించే గాలికి దారి మూసుకుపోతుంది. ఆ నొప్పి భరించరానిది.

క్లిప్పును తీసిపారేయమని నేను అనడము లేదని తెలియడానికి ఒక మాట. వెచ్చని మంచినీటి చెరువులలో ఉండే నేగ్లీరియా ఫౌలరీ అనే అమీబా ముక్కు ద్వారా మెదడును చేరి ప్రాణాంతకమైన వాపు కలిగిస్తుంది. ఆ నీరు త్రాగితే ఈ వ్యాధి రాదు, ముక్కులోకి పోతేనే వస్తుంది. 2024లో కేరళలో అమీబా మెదడువాపు కలవరము పుట్టించింది. చెరువులో మునిగే పిల్లవానికి చవక క్లిప్పు కూడా మేలే.

నా అసలు వివాదము ఊపిరి గురించి. ఊపిరి పీల్చాలనే తహతహను ముఖ్యముగా పుట్టించేది ప్రాణవాయువు తగ్గడము కాదు, రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరగడము. మునిగే ముందు గబగబా దీర్ఘశ్వాసలు తీస్తే బొగ్గుపులుసు వాయువు బయటకు పోతుంది. ప్రాణవాయువు నిల్వ మాత్రము చెప్పుకోదగినంత పెరగదు. అంటే మీరు పెంచుకున్నది శక్తిని కాదు, హెచ్చరిక గంటను తీసివేశారు. తహతహ పుట్టక ముందే స్పృహ పోతుంది. ఆల్బర్ట్ క్రెయిగ్ అనే వైద్యుడు 1961లోనే అమెరికా వైద్య సంఘపు పత్రికలో దీనిని వివరించాడు. అరవై ఏళ్ళు దాటినా, ఎక్కువ గాలి పీల్చి దూకమని నేర్పేవారు ఇంకా ఉన్నారు!

ప్రాణాయామములో కుంభకము చేసే అలవాటున్నది, నీటిలో చేస్తే తప్పేమిటని కొందరు వాదిస్తారు. తప్పు నీటిలోనే ఉంది. చాప మీద కూర్చున్నవాడు సోలిపోతే ఊపిరి దానంతట అది మొదలవుతుంది. నీటిలో సోలిపోయినవాడు పీల్చేది నీటిని. మూడడుగుల లోతు కొలనైనా ఇది మారదు.

నతాలియా మొల్చనోవా 41 ప్రపంచ రికార్డులు సాధించిన రష్యా వనిత. 2013లో కదలకుండా 9 నిమిషముల 2 సెకన్లు ఊపిరి బిగబట్టింది. 2015 ఆగస్టులో స్పెయిన్ దేశపు ఫోర్మెంటేరా ద్వీపము దగ్గర మునిగి తిరిగి రాలేదు. ఆమె కంటె నైపుణ్యము గలవారు ఇంట్లో వీడియోలు చూసి కొలనులో ఒంటరిగా సాధన చేసే మన కుర్రవాళ్ళలో ఎవరున్నారు?

మూర్ఛ, గుండె లయ దోషములు, అదుపులో లేని ఉబ్బసము, కర్ణభేరికి రంధ్రము ఉన్నవారు ఈ సాధనకు పూనుకోకూడదు. తక్కినవారు శిక్షకుని దగ్గర నేర్చుకోండి. ఇద్దరుగా వెళ్ళండి, ఒకరు మునిగితే రెండవవారు పైన ఉండి కనిపెట్టాలి. తేలిన తరువాత కూడా కనీసము అరనిమిషము చూపు మరల్చరాదు. లోతు నుంచి పైకి వస్తూ ఒత్తిడి తగ్గేకొద్దీ రక్తములో ప్రాణవాయువు పీడనము పడిపోతుంది, అందుచేత స్పృహ పోవడము తరచు చివరి కొద్ది మీటర్లలోనో, తేలిన తరువాతనో జరుగుతుంది. పోటీలలో పైకి వచ్చినవారు 15 సెకన్లలో ముఖముపై పరికరములు తీసి, సైగ చేసి, బాగున్నానని చెప్పి తీరాలి. అలా తీయలేని స్థితిలో మీ స్నేహితుడు ఉంటే, వెంటనే ముఖమును నీటి పైకి ఎత్తి పట్టుకోండి. క్లిప్పును లాగివేయండి. బుగ్గలపై తట్టి, కళ్ళ దగ్గర ఊది, పేరు పెట్టి పిలిచి, ఊపిరి తీయమని చెప్పండి. ఊపిరి రాకపోతే ముక్కును మీ వేళ్ళతో మూసి నోటిలో నోరు పెట్టి ఊదండి, ఒడ్డుకు చేర్చండి, 108కి ఫోను చేయించండి.