బాలింతకు ఒక తోడు

2020 మార్చి 23న ఇంగ్లాండులో లాక్‌డౌన్ ప్రకటించేనాటికి అక్కడ బాలింతలకు మంచి ఏర్పాటే ఉంది. బిడ్డ పుట్టిన 10–14 రోజులకు హెల్త్ విజిటర్ అనే నర్సు ఇంటికొస్తుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మళ్ళీ వస్తుంది. బిడ్డను తూచి వెళ్ళిపోదు. తల్లికి నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా, బిడ్డను ఎత్తుకోవాలంటే భయపడుతోందా అని కనిపెడుతుంది. అందుకు ఎడిన్‌బరో ప్రశ్నావళి సాయపడుతుంది. 1987లో స్కాట్లండులో తయారైన ఆ పది ప్రశ్నలూ గడిచిన ఏడు రోజుల మనఃస్థితి గురించే. చివరిది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని.

కరోనా రాగానే ఆ నర్సుల్లో చాలామందిని వేరే పనులకు మళ్ళించారు. చాలాచోట్ల ఇంటికి రావడం పోయి ఫోను మిగిలింది. ఫోనులో “బాగానే ఉన్నా” అనేయడం ఏ తల్లికైనా తేలిక. రెండు రోజులుగా దువ్వని జుట్టు, ముట్టని అన్నం, పక్కనే నిలబడి మాటలు వింటున్న భర్త ఫోనులో కనిపించరు. అమ్మా అక్కా గడప తొక్కడానికి వీల్లేదు. చాలా ఆసుపత్రుల్లో నొప్పులు ముదిరేదాకా భర్తనూ లోపలికి రానివ్వలేదు. ఆ తొలి నెలల్లో చనిపోయిన తల్లుల గురించి విచారించిన జాతీయ నివేదికలో ఆత్మహత్యలున్నాయి. కొందరికి మానసిక వైద్యం అందాల్సిన వేళ, కరోనా ఆంక్షల వల్ల ఆలస్యమైంది, లేదా అసలు దొరకలేదు.

మనం నేర్చుకోవాల్సింది ఆ తర్వాత జరిగిన దిద్దుబాటు నుంచి. ఒంటరిగా బతికే వయోజనులు మరో ఇంటితో కలిసి ఉండొచ్చని జూన్‌లోనే సడలింపు ఇచ్చారు. భర్త ఉన్న బాలింత ఒంటరి కాదని లెక్కేసి ఆమెను వదిలేశారు. అది పొరపాటని తేలడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. డిసెంబరు 2 నుంచి, ఏడాదిలోపు బిడ్డ ఉన్న ఏ ఇల్లయినా ఇంకో ఇంటిని తోడు చేసుకోవచ్చని నిబంధన మార్చారు. హెల్త్ విజిటర్లను వేరే పనులకు పంపొద్దని అంతకుముందే, అక్టోబరులో, ఆదేశం వెళ్ళింది. బాలింతకు మనిషి తోడు మందులాంటి అవసరమని ఒక ప్రభుత్వం చట్టంలో రాసుకోవడం చిన్న సంగతి కాదు.

మనకు ఆ తోడు పుట్టిల్లు. తొలి కాన్పుకు పుట్టింటికి చేరే ఆనవాయితీ ఉన్న మన దగ్గర, 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో రైళ్ళూ బస్సులూ ఆగిపోతే ఎందరో ఉన్నచోటే ఉండిపోయారు. అయినా పుట్టిల్లు ఉంటే చాలదు. ఇంటినిండా జనం ఉన్నా, బాలింత దిగులును దిష్టి అనో, గాలి సోకిందనో కొట్టిపారేసే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ప్రసవం తర్వాత దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్, వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. ఇంత దగ్గరగా వెళ్ళే మనిషి మనకు ఉన్నారు. కానీ ఆమె చూపు ఎక్కువగా బిడ్డ బరువు, బొడ్డు, తల్లికి రక్తస్రావం, జ్వరం మీదే ఉంటుంది. మనసు గురించిన ప్రశ్నలూ ఆమెకు నేర్పాలి, వాటికి సమయమూ జీతమూ ఇవ్వాలి. రేపు మరో మహమ్మారి వస్తే ఆమెను వేరే పనికి లాగకూడదని, బాలింత దగ్గరికి రాకుండా తల్లినో అక్కనో ఎవరూ ఆపకూడదని ఇప్పుడే ఉత్తర్వుల్లో రాసిపెట్టాలి.

మీ ఇంట్లో బాలింత ఉంటే, బిడ్డను ఎత్తుకునేముందు ఆమెను పలకరించండి. దిగులు రెండు వారాలకు మించితే డాక్టరుకు చూపించండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె నోట ఒక్కసారి వచ్చినా ఆ రోజే తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.